సరకు సైకిలు కొనుటకు ముందు చోటు కొలువవలెను

పాలక్యానులు, కూరగాయల గంపలు, ఎరువు బస్తాలు, బడికి పోవు పిల్లలు - ఇవన్నియు దినదినము ఇంటినుండి రోడ్డు వరకు చేరవలసినవే. ట్రాక్టరు కొనలేని కుటుంబమునకు, ప్రతిదినము ఆటో కిరాయి చెల్లింపజాలని కుటుంబమునకు త్రొక్కి నడుపు సరకు సైకిలు మంచి ఆధారము. దానికి పెట్రోలు అక్కరలేదు. మరమ్మతు చాలవరకు ఊరి సైకిలు షాపులోనే జరుగును. పొదుపు సంఘము ద్వారా అప్పు తీసికొని ఇట్టి బండి కొనదలచినవారు పంచాయతీ సభ్యులను సలహా అడుగుట కలదు. "ఏ బండి కొనవలెను?" అని వారు అడుగుదురు. అంతకంటె ముందు సభ్యులు వారిని అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: "రాత్రివేళ దానిని ఎక్కడ ఉంచెదరు?"

ఈ ప్రశ్నను విడిచినచో కలుగు నష్టము చిన్నది కాదు. చోటు లేక చెట్టుక్రింద వదలిన బండికి వానలో గొలుసు త్రుప్పు పట్టును, బల్ల చివుకును, ఎండకు టైర్లు బీటలు వారును. బండి అరిగిపోవును గాని అప్పు అరిగిపోదు.

బండ్లలో రకములు

డెన్మార్కు దేశమున కోపెన్‌హేగెన్ నగరములోని క్రిస్టియానియా పేటలో 1984లో రూపొందిన బండికి ముందు రెండు చక్రములు, వాని నడుమ పెట్టె, వెనుక ఒక చక్రము ఉండును. తల్లిదండ్రులు పిల్లలను ఆ పెట్టెలో కూర్చుండబెట్టి, కంటి యెదుట ఉంచుకొని త్రొక్కుదురు. దాని పొడవు సుమారు ఏడడుగులు, వెడల్పు మూడడుగులకు కొంచెము తక్కువ. నెదర్లాండ్సు దేశమున వాడు రెండు చక్రముల పెట్టెబండి వెడల్పు రెండడుగులకు కొంచెము ఎక్కువయే గాని, పొడవు ఎనిమిదడుగులు దాటును. మన ఊళ్లలోని మూడు చక్రాల రిక్షాబండికి బల్ల వెనుక నుండును. దాని వెడల్పు సుమారు మూడున్నర అడుగులు, కొన్నింటికి నాలుగడుగులు.

దీనినిబట్టి తెలియవలసినదేమనగా, పొడవైన బండి ఇరుకు సందులో పోవును గాని సందు మలుపులో చిక్కుకొనును. వెడల్పైన బండి బరువు మోయును గాని మూడడుగుల తలుపులో పట్టదు. రెండు పాలక్యానులకు మించి మోయని కుటుంబమునకు గట్టి క్యారియరు గల మామూలు సైకిలే చాలును.

కొలిచెడి విధము

కొనదలచిన బండి పొడవును, వెడల్పును షాపులో కొలిచి వ్రాసికొనవలెను. అదే కొలతకు వెదురుబద్దలతో ఒక చట్రము కట్టి, ఇద్దరు చెరియొక వైపు పట్టుకొని వీధినుండి వసార వరకు నడువవలెను. చట్రము ఎక్కడ తగులునో బండియు అక్కడనే తగులును. నిలుపు చోట ఒక ప్రక్కనైనను మనిషి నడచుటకు ఒకటిన్నర అడుగు మిగులవలెను. లేనిచో గాలి కొట్టుట, గొలుసుకు నూనె వేయుట మానుకొందురు.

త్రొక్కుట, ఆపుట

ముందు పళ్లచక్రమునకు 44 పళ్లు, వెనుక దానికి 18 పళ్లు ఉన్నచో, పెడలు ఒకమారు తిరుగగా బండిచక్రము దాదాపు రెండున్నర మారులు తిరుగును. ముందు పళ్లు 36 అయినచో సరిగా రెండు మారులే తిరుగును. వేగము తగ్గును గాని కాలికి శ్రమయు తగ్గును. బరువు లాగువారికి ఈ రెండవదే మేలు.

బ్రేకును ఖాళీబండితో పరీక్షించుట చాలదు. బస్తాలు వేసి, కాలువగట్టు వాలున మెల్లగా దింపుచు చూడవలెను. మూడు చక్రాల బండి సైకిలువలె ప్రక్కకు వాలదు; వేగముగా మలుపు తిరిగినచో బోర్లపడును. వెనుక బల్ల గల బండిలో బరువును ఇరుసుకు కొంచెము ముందుగా సర్దవలెను. వెనుకకు సర్దినచో ముందు చక్రము లేచును. పిల్లలను కూర్చుండబెట్టు బల్లకు చుట్టును కమ్మీలు, నడుమునకు పట్టీ తప్పనిసరి.

బ్యాటరీ బండ్లు

మోటారు 250 వాట్ల లోపున, వేగము 25 కిలోమీటర్ల లోపున, బ్యాటరీ గాక బండి బరువు 60 కిలోలకు మించక ఉన్న బ్యాటరీ సైకిలు మాత్రమే మోటారు వాహనముగా ఎంచబడదు. సరకుబండ్లు ఈ బరువును సులువుగా దాటును. కావున రిజిస్ట్రేషను, లైసెన్సు సంగతి కొనకముందే విచారింపవలెను.

బ్యాటరీని పొయ్యి, గడ్డివామి, కిరోసిను దాపున ఉంచరాదు. ఇంటికి ఒకే వాకిలి ఉన్నచో ఆ వాకిట ఛార్జి పెట్టరాదు. నిప్పంటుకొన్నచో బయటపడుటకు దారి ఉండదు. మెలకువగా ఉన్న వేళ, బండితో వచ్చిన ఛార్జరుతోనే పెట్టవలెను. ఉబ్బిన లిథియం బ్యాటరీని, వరదనీట మునిగినదానిని తిరిగి ఛార్జి చేయరాదు. సీసపు బ్యాటరీనుండి మండెడి వాయువు వెలువడును గాన గాలి ఆడుచోటనే ఉంచవలెను.

ఇంటివద్ద ఉంచుట

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల అరుగు, నేలకు అరడుగు ఎత్తున, నీరు జారు వాలుతో, పైన రేకుతో ఉన్నచో చాలును. ఎక్కించుటకు వాలుబాట ఉండవలెను. గట్టిగా పాతిన రాతిగుంజకు గొలుసుతో తాళము వేయవలెను. ఎరువు మోసిన దినమున బల్లను, ఇనుమును కడిగి తుడువవలెను. ఎరువులోని లవణములు ఇనుమును తినును. చాలదినములు వాడనిచో ఇరుసుక్రింద దిమ్మలు పెట్టి చక్రములను నేలనుండి ఎత్తవలెను. చెదలు పట్టకుండ బల్లను గోడకు ఆనింపరాదు.

పంచాయతీ చేయదగినది

ఒక గది ఇంటివారికి ఈ అరుగు ఎక్కడిది? వారికే బండి అవసరము ఎక్కువ. వారు బండిని వీధిలో నిలిపినచో దారికి అడ్డము. తీసివేయించినచో జీవనమునకు అడ్డము. కావున పంచాయతీ స్థలమున ఒక ఉమ్మడి రేకుల పాక వేసి, వరుస నంబర్లతో చోట్లు కేటాయించి, స్వల్ప రుసుముతో ఉంచుకొననిచ్చుట మేలని మేము తలంచుచున్నాము. పంచాయతీ చెత్త రిక్షాలను గూడ అందే నిలుపవచ్చును. ఒక గాలిపంపు, ఒక నూనెడబ్బా అక్కడ ఉన్నచో అన్ని బండ్లకు ఉపకరించును. తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో, రుసుము ఎంతయో తీర్మానమున స్పష్టముగా వ్రాసికొనవలెను.

బండి కొనుట ఒకనాటి పని. కాపాడుట ప్రతిదినపు పని. ఇకపై ఎవరైనను బండి విషయమై సలహాకు వచ్చినచో, సభ్యులు వారితో ముందు ఇంటి వాకిలి కొలిపింతురని, ఆ పిమ్మటనే షాపునకు పంపుదురని మా ఆశ.