మూత ఎత్తితేనే తెలిసే ధర

పాత పియానో అమ్ముదామనుకునే ఇంట్లో ముందుగా వినిపించే మాటలు రెండు: నూరేళ్ల నాటిది, పెట్టె అంతా మంచి చెక్క. వెల కట్టడానికి ఈ రెండూ పెద్దగా పనికిరావు. మంచి వయొలిన్‌కు వయసుతో గిరాకీ పెరగొచ్చు కానీ పియానో ఏటేటా అరిగిపోయే యంత్రం. లోపల దాదాపు 230 తీగలుంటాయి. అన్నీ కలిసి లాగే బలం 15 నుంచి 20 టన్నులు. ఆ బలాన్ని కాసేది ఇనుప ఫ్రేమే అయినా, తీగల కొసలు చుట్టిన మేకులు దిగి ఉండేది చెక్కలో. దాన్నే పిన్ బ్లాక్ అంటారు. ధర తేలేది అక్కడే.

మన వాతావరణం దాన్ని బాగా పీడిస్తుంది. వానాకాలం చెమ్మకు ఉబ్బి, వేసవిలో ఎండి, మళ్లీ ఉబ్బి, కొన్నేళ్లకు మేకుల పట్టు సడలుతుంది. అప్పుడు ఎంత శ్రద్ధగా శ్రుతి చేసినా నాలుగు రోజుల్లో జారిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. ట్యూనర్ మీట తగిలించి మేకును కాస్త తిప్పితే ఆయన చేతికి తెలిసిపోతుంది. అందుకే ధర చెప్పకముందే ఆయన్ను పిలిపించండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు. కొన్ని మేకులే వదులైతే వాటి చోట కాస్త లావువి దిగ్గొడతారు. బ్లాకే పగిలితే మాత్రం, మామూలు నిలువు పియానోకు మరమ్మతు ఖర్చు దాని వెలనే మించిపోవచ్చు.

హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా కొనడానికి వచ్చేవారిలో ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లల తల్లిదండ్రులుంటారు. వాళ్లకు శ్రుతి నిలిచే వాద్యం కావాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పియానో అరస్వరం దాకా దిగిపోయి ఉండొచ్చు. ఒక్కసారిగా ప్రామాణిక శ్రుతి అయిన 440 హెర్ట్జ్‌కు లాగితే తుప్పు తీగలు తెగొచ్చు. ఈ సంగతి దాచి అమ్మితే పాడయ్యేది ఆ పసివాళ్ల చెవి.

మీరే చూసుకోగలిగినవీ ఉన్నాయి. 88 మెట్లనూ ఒక్కొక్కటిగా నొక్కండి. పాతవాటిలో 85 ఉండటమూ మామూలే. టార్చి వేసి సుత్తుల ఫెల్ట్‌ మీద గాట్లు ఎంత లోతుగా పడ్డాయో, పురుగు కొట్టిందేమో చూడండి. కింది పలక తీసి చెదలు వెతకండి. సౌండ్‌బోర్డుకు సన్నని బీట ఉన్నా వాయించినప్పుడు జరజర వినిపించకపోతే కంగారు అక్కర్లేదు. ఫ్రేము మీద క్రమసంఖ్య ఉంటే, పేరున్న కంపెనీలకు తయారైన ఏడాది తేలుతుంది. స్టైన్‌వే, బెక్‌స్టైన్, బ్లూత్నర్ మూడూ 1853లోనే పుట్టాయి, వాటికి నేటికీ మంచి గౌరవం ఉంది.

తెల్ల మెట్లు పసుపు తిరిగి, సన్నని గీతలతో, ఒక్కో మెట్టూ రెండు ముక్కల అతుకుతో ఉంటే అది ఏనుగు దంతం కావచ్చు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన 1986 సవరణ భారతీయ దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని నిషేధించాయి. అనుమానం ఉంటే అమ్మకానికి ప్రకటన ఇవ్వకముందే అటవీ శాఖను అడిగి తెలుసుకోండి.