దేశవాళీ బొబ్బర్లలో లక్షణ వైవిధ్యం: ఒకే మూటలో ఎన్ని రకాలు?

రైతు ఇంట దాచిన బొబ్బర విత్తనాన్ని చేటలో పోసి పరిశీలిస్తే గింజలన్నీ ఒకే రంగులో ఉండటం అరుదు. ఎర్ర గింజల నడుమ గోధుమవన్నెవి, మచ్చలవి, నల్ల కన్నున్న తెల్లనివి కలిసి కనిపిస్తాయి. విత్తన ధ్రువీకరణ దృష్టిలో ఇది కల్తీ. ప్రజనన శాస్త్రజ్ఞుని దృష్టిలో ఇదే మూలధనం. సేకరణ సమయంలో ఈ రెండో దృష్టి లోపిస్తే, పరిశోధన మొదలు కాకముందే సగం వైవిధ్యం చేజారిపోతుంది.

కొన్ని ప్రాంతాలలో అలసంద అని పిలిచే ఈ పంట ఆఫ్రికాలో సాగులోకి వచ్చింది. భారతదేశాన్ని దీనికి ద్వితీయ వైవిధ్య కేంద్రంగా పరిగణిస్తారు. కాయ పొడవు ఒక్కటే ఈ వైవిధ్యపు విస్తృతిని తెలుపుతుంది. చిన్న గింజల కాట్‌జంగ్ తెగలో కాయలు 7 నుంచి 13 సెం.మీ. ఉండి పైకి నిలబడతాయి. కూరకు వాడే పొడవు కాయల తెగలో 30 సెం.మీ. దాటి, కొన్నింటిలో 90 సెం.మీ. వరకు వేలాడతాయి. అయినా క్రోమోజోముల సంఖ్య రెండింటిలోనూ 22 మాత్రమే. అవి పరస్పరం సంకరణ చెందగలవు.

తెగల మధ్య తేడాలు అందరికీ కనిపించేవే. ఒకే స్థానిక రకంలో దాగిన తేడాలపైనే మరింత శ్రద్ధ అవసరం. బొబ్బర ప్రధానంగా స్వపరాగ సంపర్క పంట. డెన్మార్క్ శాస్త్రవేత్త జోహాన్సెన్ 1903లో చిక్కుడు జాతి గింజలపై ప్రకటించిన శుద్ధ వంశక్రమ సిద్ధాంతం ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. దేశవాళీ రకమంటే పక్కపక్కనే పెరుగుతున్న అనేక శుద్ధ వంశక్రమాల సమూహం. మడిలో ఐదు మొక్కలను కొలిచి సగటు వేయగానే వాటి మధ్య తేడా పట్టిక నుంచి మాయమవుతుంది. కనుక సేకరించిన విత్తనంలో కొంత భాగాన్ని ఒక్కో మొక్క వారీగా కోసి, వేర్వేరు వరుసలలో విత్తాలి. వరుసలోని మొక్కలు ఒకే తీరుగా ఉండి, వరుసకూ వరుసకూ తేడా ఉంటే అది వంశక్రమాల మిశ్రమం. వరుసలోనే మొక్కలు భిన్నంగా విడిపోతే తేనెటీగల వంటి కీటకాల ద్వారా పరపరాగ సంపర్కం జరిగిందని అనుమానించవచ్చు.

అన్ని లక్షణాలనూ ఒకే విధంగా నమ్మరాదు. గింజ రంగు, కంటి మచ్చ ఆకృతి, పూల రంగు కొద్దిపాటి జన్యువుల అధీనంలో ఉంటాయి. స్పిల్‌మన్, హార్లాండ్ వంటి వారు 20వ శతాబ్ది తొలి దశకాల్లోనే వీటి అనువంశికతను వివరించారు. మొక్క ఎత్తు, కొమ్మల సంఖ్య, మొక్కకు కాయల సంఖ్య అలాంటివి కావు. పైగా అనేక స్థానిక రకాలు పగటి నిడివికి స్పందిస్తాయి. జూన్‌లో విత్తితే తీగలు సాగి నేలంతా పరుచుకునే రకం, అక్టోబరులో విత్తితే త్వరగా పూతకు వచ్చి పొట్టిగా నిలుస్తుంది. ఒక్క కాలంలో చూసి దానిని 'తీగ రకం' అనో 'పొద రకం' అనో నమోదు చేయడం తొందరపాటే.

విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో గింజ దిగుబడికి సైతం 90 శాతానికి మించిన అనువంశికత కనిపించినపుడు, ప్రయోగం ఎన్ని కాలాలలో, ఎన్ని చోట్ల జరిగిందో ముందుగా చూడాలి. ఒకే చోట, ఒకే కాలంలో లెక్కిస్తే జన్యురూప, పరిసరాల పరస్పర ప్రభావం కూడా జన్యు విస్తృతిలో కలిసిపోయి అంకె ఉబ్బుతుంది. నూరు గింజల బరువు, కాయ పొడవు వంటి లక్షణాలలో ఈ ప్రమాదం తక్కువ, దిగుబడిలో ఎక్కువ.

ఇక ఏ లక్షణం మేలైనదన్న ప్రశ్న. ఒకేసారి కోతకు వచ్చే నిటారు రకం ఏకపంటకు అనుకూలం. జొన్నలో అంతరపంటగా వేసి, విడతలవారీగా కాయ కోసుకొని, చివరకు తీగను పశువులకు మేపే కుటుంబానికి పరుచుకునే రకమే కావాలి. గింజ దిగుబడి ఒక్కటే కొలిచే పట్టికలో ఆ రకం ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. నా అభిప్రాయంలో పశుగ్రాసపు బరువు, కోతల సంఖ్య అనే రెండు నిలువు వరుసలు చేర్చకుండా అంతరపంట ప్రాంతాల రకాలను తిరస్కరించడం న్యాయం కాదు.

కంటికి కనబడని లక్షణాలూ ఉన్నాయి. ఇబాదన్‌లోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ వేల నమూనాలను వడపోయగా, నిల్వలో గింజను తొలిచే పెంకు పురుగును తట్టుకునే శక్తి టీవీయూ 2027 అనే నైజీరియా స్థానిక రకంలో బయటపడింది. తరువాతి అనేక వంగడాలకు ఆ గుణం దాని నుంచే వచ్చింది. పైకి చూసి ఎన్నుకొని ఉంటే ఆ రకానికి చోటు దక్కేదా అన్నది సందేహమే.

మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం (2001) కింద రైతు రకాన్ని నమోదు చేయవచ్చు. ఏకరూపత విషయంలో ఇతర రకాలకు అనుమతించే కేళీల సంఖ్యకు రెట్టింపు వరకు రైతు రకాలకు సడలింపు ఉంది. అయినా రంగురంగుల మిశ్రమం ఆ పరిమితిలో ఇమడదు. నమోదు కోసం ఒక రంగును వేరుచేయక తప్పదు. అప్పుడు మిగిలిన గింజలను పారవేయకుండా, తొలి మిశ్రమాన్ని యథాతథంగా ఒక సంచిలోనూ, వేరుచేసిన ప్రతి వంశక్రమాన్ని మరొక సంచిలోనూ ఉంచి, రెండింటికీ ఒకే సేకరణ సంఖ్య, గ్రామం పేరు, విత్తిన కాలం, ఏ పంటలో కలిపి వేసేవారో రాసి శీతల నిల్వకు పంపాలి.