పైకి లాగే గాలి, పైన పడే వడగళ్లు

ఉత్తర అమెరికా పటం ముందు పెట్టుకుని, పడమటి దిక్కున ఉన్న రాకీ పర్వతాల మీద వేలు ఉంచండి. వేలును మెల్లిగా తూర్పుకు జరపండి. కొండలు అయిపోగానే ఒక మహా మైదానం మొదలవుతుంది. ఉత్తరాన కెనడాలోని ఆల్బర్టా మొదలు దక్షిణాన టెక్సాస్ దాకా వందల కోసుల పొడవున అది పరుచుకుని ఉన్నది. నెబ్రాస్కా, కాన్సాస్, ఓక్లహోమా రాష్ట్రాలు ఈ మైదానంలోవే. చూసినంత మేర గోధుమ చేలూ, పచ్చిక బయళ్లూ! గాలికి అడ్డు నిలిచే కొండలు లేవు, అడవులు అరుదు.

ఇక్కడ ఇల్లు కట్టుకునేవాడికి ఇద్దరు శత్రువులున్నారు. ఒకడు పైనుంచి రాళ్లు రువ్వుతాడు. రెండోవాడు ఇంటి కప్పును పట్టుకుని పైకి లాగుతాడు. తరచు ఇద్దరూ ఒకే మేఘం వెంట వస్తారు. చిక్కేమిటంటే, ఒకడి మీద పనిచేసిన ఉపాయం రెండోవాడి మీద పనిచేయకపోవచ్చు. మరి అక్కడివారు ఏం చేస్తారు?

ముందు రాళ్లు రువ్వేవాడి సంగతి చూద్దాం. వీడు మనకు కొత్తవాడు కాడు. తెలుగునాట కూడా వేసవి మొదట్లో ఒక్కో సాయంత్రం ఉరుములతో వడగళ్లు పడి మామిడి పిందెలను రాల్చేస్తాయి. వాటిని ఏరి నోట్లో వేసుకున్నవారు మీలో ఎందరో ఉంటారు. అవి ఎలా తయారవుతవి? ఉరుముల మేఘంలో గాలి బహు వేగంగా పైకి లేస్తుంది. అది నీటి తుంపరలను చలి ఎక్కువగా ఉండే ఎత్తుకు మోసుకుపోతుంది. అక్కడ ఒక మంచు పలుకు పుట్టి, దాని మీద చల్లని తుంపరలు పడి గడ్డకడుతూ ఉంటే అది పెరుగుతుంది. పైకి తోసే గాలి మోయగలిగినంత సేపు పెరిగి, మోయలేనప్పుడు కింద పడుతుంది. గాలి ఎంత జోరుగా లేస్తే గడ్డ అంత పెద్దది కాగలదు.

కొలరాడో, నెబ్రాస్కా, వయోమింగ్ రాష్ట్రాలు కలిసేచోటును అక్కడివారు ‘వడగళ్ల సందు’ అంటారు. అక్కడ సగటున ఏడాదికి 7 నుంచి 9 రోజులు వడగళ్లు పడతాయి. ఆ నేల సముద్రమట్టానికి చాలా ఎత్తున ఉన్నది. అందుచేత మంచుగడ్డ వెచ్చని గాలిలో ప్రయాణించే దూరం తక్కువ. అది కరిగేలోపలే నేల తాకుతుంది.

2010 జులై 23న దక్షిణ డకోటాలోని వివియన్ అనే చిన్న ఊళ్లో ఒక వడగల్లు పడింది. దాని అడ్డుకొలత 8 అంగుళాలు, బరువు 880 గ్రాములు! అమెరికాలో కొలిచి నమోదు చేసినవాటిలో అంత పెద్దది మరొకటి లేదు. ఏరినవారు దాన్ని మంచుపెట్టెలో దాచారు. కాని ఆ తుపానుకే కరెంటు పోయి, కొలిచే లోపల అది కొంత కరిగిపోయిందట!

ఇక్కడ ఒక లెక్క ఉన్నది. అంగుళం గడ్డ కంటె రెండంగుళాల గడ్డ ఎన్ని రెట్లు గట్టిగా కొడుతుంది? రెండు రెట్లని తొందరపడి చెప్పకండి. అడ్డుకొలత రెండింతలయితే బరువు ఎనిమిదింతలవుతుంది. బరువైన గడ్డ మరింత వేగంగా కూడా పడుతుంది. రెండూ కలిసి దెబ్బ ఇంచుమించు 16 రెట్లవుతుంది! 4 అంగుళాలు మించిన గడ్డ గంటకు 160 కిలోమీటర్లు దాటిన వేగంతో పడగలదు. పెంకులు పగలటంలో ఆశ్చర్యమేముంది?

ఈ మైదానంలో మొట్టమొదట ఇళ్లు కట్టుకున్నవారు తెల్లవారు కారు. అక్కడి ఆదివాసులు కొందరు గుండ్రని మట్టి ఇళ్లలో ఉండేవారు. 1862లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, వచ్చి సాగు చేసుకునేవారికి 160 ఎకరాల చొప్పున భూమి ఇస్తామన్నది. ఆ నేల అంతకుముందు ఆదివాసులదే. చట్టం చూసి ఎందరో బళ్లు కట్టుకుని వచ్చారు. వచ్చి చూస్తే ఇంటికి కలప ఏదీ? అందుకని వారు నేలనే కోశారు. పచ్చిక వేళ్లు దట్టంగా అల్లుకున్న పైమట్టిని నాగలితో పొడుగు చాళ్లుగా లేపి, పారతో ఇటుకల్లాగ నరికి, గోడలు పేర్చారు. దూలాలు వేసి, పైన కొమ్మా రెమ్మా పరిచి, దాని మీద కూడా పచ్చిక గడ్డలే కప్పారు.

ఆ కప్పును గాలి ఎత్తలేకపోయేది, అంత బరువు! మెత్తటి మట్టి గనక వడగల్లు పడినా పగిలేదేమీ లేదు. ఇద్దరు శత్రువులూ ఓడిపోయారన్నమాట. కాని మూడోవాడు వచ్చాడు. వాడు వాన. వాన వెలిసిన తరవాత కూడా ఇంట్లో బురదనీరు కారుతూనే ఉండేది. తడిసిన మట్టి బరువుకు దూలాలు విరిగే ప్రమాదం ఉండేది. మట్టీ, పురుగులూ పడకుండా లోపల గుడ్డ కట్టుకునేవారు. కప్పులోంచి అప్పుడప్పుడు పాములు కూడా జారిపడేవి!

రైళ్లు వచ్చాక కలప వచ్చింది, రేకులు వచ్చినవి. ముడతల రేకుకు హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు 1829లో లండన్‌లో పేటెంటు పొందాడు. పల్చని రేకుకు ముడతలు పెడితే ఎంత బలం వస్తుందో మీరే చూడవచ్చు. రెండు పుస్తకాలను జానెడు దూరంలో పెట్టి వాటిమీద ఒక కాగితం వేయండి, మధ్యలో వంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలాగ మడతలు పెట్టి వేయండి. పెన్సిలును కూడా మోస్తుంది. రేకు మీద వడగల్లు పడితే సొట్టపడవచ్చు గాని, పెంకులాగ పగలదు. బాగానే ఉన్నది. కాని రేకు తేలిక. రెండో శత్రువు కాచుకుని ఉన్నది దీనికోసమే!

గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. ఒక పని చేయండి. రెండు వేళ్ల వెడల్పున, జానెడు పొడుగున కాగితం ముక్క కత్తిరించి, ఒక కొస కింది పెదవికి ఆనించి పట్టుకోండి. రెండో కొస కిందికి వేలాడుతుంది. ఇప్పుడు కాగితం పై భాగాన గట్టిగా ఊదండి. చూశారా? కాగితం పైకి లేచింది! ఊదిన గాలి కాగితం వంపు వెంట పోతూ ఉంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. కింద ఉన్న మామూలు గాలి దాన్ని పైకి నెడుతుంది. పారే వాటి వేగానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధాన్ని దానియేల్ బెర్నూలీ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు 1738లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు.

ఇంటి కప్పు అంచు దాటి పోయే గాలి కూడా అక్కడ ఒత్తిడి తగ్గించి, కప్పును పైకి లాగుతుంది. గంటకు 160 కిలోమీటర్ల గాలికి ఒక్కొక్క చదరపు అడుగు మీద సుమారు 12 కిలోల బలం ఉంటుంది. చూరు దగ్గరా, మూలల దగ్గరా లాగుడు దీనికి రెండింతలు కూడా కావచ్చు. రేకు చూడబోతే చదరపు అడుగుకు అరకిలో కూడా తూగదు. 3 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గల రేకును గాలి 350 కిలోల బలంతో లాగుతూ ఉంటే, దాని బరువు 15 కిలోలైనా లేదు. మరి దాన్ని పట్టి ఉంచేదేమిటి? మేకులు! గాలి వేగం రెండింతలయితే బలం నాలుగింతలవుతుందని కూడా గుర్తుంచుకోండి.

అందుచేత మైదానంలో కప్పు బాగోగులు రేకు మందాన్ని బట్టి కాక, కనిపించని కట్లను బట్టి ఉంటవి. రేకును అడ్డదూలానికి, అడ్డదూలాన్ని వాసానికి, వాసాన్ని గోడకు, గోడను పునాదికి బిగించాలి. గొలుసులో ఒక్క లంకె వదులైతే చాలు. నున్నని మేకు పైకి లాగితే ఊడివస్తుంది. ఒంటినిండా గాట్లున్న మేకు గాని, మర ఉన్న స్క్రూ గాని అంత సులభంగా రాదు. వాసాన్ని గోడకు కట్టే ఇనపపట్టీ అరచేయంత ఉంటుంది. రంగురంగుల రేకుకు డబ్బు పోసి, ఈ పట్టీల దగ్గర పిసినారితనం చేసేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

కప్పు ఆకారం కూడా ముఖ్యమే. రెండు వాలుల ఇంటికి రెండు కొసలా త్రికోణపు గోడలుంటవి. గాలి వాటిని నేరుగా గుద్దుతుంది. నాలుగు పక్కలా వాలుండే కప్పు మీద గాలి జారిపోతుంది. ఉత్తర కోస్తాంధ్రలో చుట్టిళ్లు చూశారా? గుండ్రని గోడ, గోపురంలాంటి కప్పు, వంగి లోపలికి పోవలసినంత కిందికి దిగిన చూరు. మూల అన్నదే లేదు. తుపాను గాలికి పట్టు దొరకకుండా మనవాళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

ఇళ్లకంటె పశువుల కొట్టాలకు, గడ్డి సావిళ్లకు ఆపద ఎక్కువ. ట్రాక్టరు పట్టేంత తలుపులుంటవి మరి. ఆ తలుపు ఊడితే గాలి లోపల జొరబడి, బూరలో ఊదినట్టు కప్పును కిందినుంచి తోస్తుంది. అదే సమయంలో పైనుంచి లాగుతుంది. కప్పు పోయిందా, ఏడాదిపాటు పశువులు తినవలసిన గడ్డి ఒక్కరాత్రిలో తడిసి కుళ్లుతుంది. అందుకని తెలివిగల రైతు కప్పుకంటె ముందు తలుపు గడియలు చూసుకుంటాడు. సుడిగాలి వచ్చేటప్పుడు కిటికీలు తెరిచిపెడితే ఇల్లు నిలుస్తుందని అక్కడ పూర్వం చెప్పేవారు. అది తప్పు! తెరిస్తే గాలికి దారి ఇచ్చినట్టే. మహా భయంకరమైన సుడిగాలి, అంటే టోర్నడో, మీదికి వస్తే మామూలు ఇంటి కప్పు ఏదీ నిలవదు. అప్పుడు ఇంటిల్లిపాదీ నేలమాళిగలోకి దిగవలసిందే.

ఈ సంగతులన్నీ పరీక్షించటానికి ఒక వింత శాల ఉన్నది. అది మైదానంలో కాదు, దూరాన దక్షిణ కరొలినాలోని రిచ్‌బర్గ్‌లో. బీమా కంపెనీలు కలిసి దాన్ని 2010లో తెరిచినవి. ఒక గోడనిండా 105 పెద్ద పంకాలు, వాటి ఎదుట నిజమైన ఇల్లు! ఆ ఏడే రెండిళ్లు పక్కపక్కన కట్టారు. బయటికి రెండూ ఒకలాగే ఉన్నవి. ఒకదానికి ఇనపపట్టీల కట్లు ఉన్నవి, రెండోదానికి లేవు. పంకాలు తిప్పి గాలిని గంటకు 160 కిలోమీటర్ల దరిదాపులకు తెచ్చేసరికి కట్లులేని ఇల్లు కుప్పకూలింది. కట్లున్న ఇల్లు నిలిచింది. అక్కడే మంచుగడ్డలు కూడా తయారుచేసి కప్పుల మీద పేలుస్తారు. నిజమైన వడగల్లులాగ ఉండాలని ఆ నీటిలో సోడా కలుపుతారు!

అమెరికాలో కప్పులకు వేసే తారు పలకలకు వేరొక పరీక్ష ఉన్నది. రెండంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తునుంచి ఒకేచోట రెండుసార్లు పడవేస్తారు. పలక వెనకవైపు కూడా చీలకపోతే అది నాలుగో తరగతి, అంటే అన్నిటికంటె గట్టిది. తారు పలక పైన చిన్న రాతి పలుకులు అద్ది ఉంటవి. వడగల్లు వాటిని రాల్చితే, ఆ చోట ఎండ తారును కాల్చి కొన్నేళ్లకు చెడగొడుతుంది. కప్పు కారేదాకా ఇంటివారికి ఆ సంగతే తెలియదు.

అందుకే వడగళ్లు వెలిసిన మర్నాడు కప్పు పరీక్షించేవాడు నిచ్చెనతోపాటు ఒక సుద్దముక్క కూడా వెంట తెస్తాడు. రేకు మీద సుద్దను అడ్డంగా పడుకోబెట్టి రుద్దుతాడు. సమంగా ఉన్నచోట తెల్లగా అంటుతుంది, సొట్టపడినచోట అంటదు. కంటికి ఆననివి కూడా గుండ్రని మచ్చలుగా తేలుతవి. వాటిని లెక్కపెట్టి, తరవాత ఒక్కొక్క స్క్రూ దగ్గరా వంగి, దాని తల కింద ఉన్న రబ్బరు బిళ్ల ఎండిపోయిందా, స్క్రూ వదులైందా అని చూస్తాడు. సుద్ద పరీక్ష మీరు ఇంట్లో పాత డబ్బామూత మీద చేసి చూడవచ్చు.