సిజేరియన్ తరువాత బాలింత సంరక్షణ

సిజేరియన్ అనగా పొత్తికడుపును, గర్భాశయాన్ని కోసి శిశువును వెలికితీసే శస్త్రచికిత్స. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఈ విధంగా జరిగాయి. కరీంనగర్ జిల్లాలో ఇది 80 శాతం దాటగా, ఆదిలాబాదులో అంతకంటే చాలా తక్కువ.

ఆసుపత్రి నుండి తల్లిగారింటికి చేరిన బాలింతకు పెద్దలు ప్రేమతోనే పథ్యం పెడతారు. కాని పప్పు తింటే కుట్లు చీము పడతాయనీ, మంచినీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందనీ వాటిని తగ్గించడం సరికాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు వాటిని ఇస్తాయి. నీరు తగ్గితే మలబద్ధకం కలిగి, ముక్కినప్పుడు కుట్ల వద్ద నొప్పి హెచ్చుతుంది. పాలిచ్చే తల్లికి దాహం కూడా అధికమే.

ఎప్పుడూ మంచం మీదే ఉంటే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కనుక ఇంట్లోనే మెల్లగా నడవాలి. అయితే సుమారు ఆరు వారాలు నీళ్ళ బిందె వంటి బరువులు ఎత్తరాదు. గాయాన్ని పొడిగా ఉంచాలి. దానిపై పసుపు, నూనె, బూడిద వంటివి పూయరాదు.

జ్వరం, గాయం నుండి చీము లేదా దుర్వాసన, అధిక రక్తస్రావం, ఒక కాలి పిక్కలో వాపు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా పురుడు వెళ్ళేదాకా ఆగక వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను.