ఇంటెలా? ఏఎండీనా? ముందు ఆట చూడండి!

ఇంటర్ పరీక్షలు అయిపోగానే చాలా ఇళ్లలో గేమింగ్ పీసీ కోసం పోరు మొదలవుతుంది. అమ్మానాన్నలు ఎలాగోలా డబ్బు సర్దుతారు. దాంతో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లిన కుర్రాడికి ఒక్కో షాపులో ఒక్కో మాట వినిపిస్తుంది. ఒకరు ఇంటెల్ కొనమంటే, మరొకరు ఏఎండీకి తిరుగులేదంటారు. కష్టపడి కూడబెట్టిన సొమ్ము అది. ఎవరి మాటో విని కాక, లెక్క చూసుకుని ఖర్చుపెట్టాలి.

మారుతూ వచ్చిన పైచేయి

ఇంటెల్ 1968లో, ఏఎండీ 1969లో పుట్టాయి. రెండింటినీ పెట్టింది ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ నుంచి బయటికొచ్చినవారే. 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్ వేగాన్ని ఏఎండీ, ఇంటెల్ కన్నా రెండు రోజుల ముందే అందుకుంది. 2006లో కోర్ 2 డ్యుయోతో ఇంటెల్ పైకొచ్చి, పదేళ్ల పాటు గేమింగ్‌ను ఏలింది. 2014లో లీసా సు ఏఎండీ పగ్గాలు చేపట్టారు. 2017లో రైజెన్ రావడంతో పోటీ మళ్లీ రాజుకుంది. అన్నయ్య పీసీలో పదేళ్ల కిందట ఏది బాగుందన్నది ఈరోజు కొనుగోలుకు పనికిరాదు.

ఎక్స్3డీ కిటుకు

శత్రువు ఎటు కదిలాడు, తూటా ఎక్కడ తగిలింది... ప్రతి ఫ్రేముకూ ఈ లెక్కలన్నీ ప్రాసెసరే చేసి గ్రాఫిక్స్ కార్డుకు అందించాలి. 144 హెర్ట్జ్ మానిటర్ అయితే ఒక్కో ఫ్రేముకు దొరికేది దాదాపు 7 మిల్లీసెకన్లే. సమాచారం కోసం మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్లొస్తే ఆ కాస్త సమయమూ హరించుకుపోతుంది. అందుకే ప్రాసెసర్‌లోనే క్యాష్ అనే వేగవంతమైన మెమరీ ఉంటుంది. 2022లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో ఏఎండీ 32 ఎంబీ క్యాష్ మీద మరో 64 ఎంబీ పొరను పేర్చింది. పేరు చివర ‘ఎక్స్3డీ’ ఉందంటే ఈ అదనపు క్యాష్ ఉన్నట్టు. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీ ఎనిమిది కోర్లతోనే, 24 కోర్ల ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కేను ఆటల్లో దాటేసింది.

ఆటలతో పాటు వీడియో రెండరింగ్ లాంటి పనులూ ఉన్నవారికి ఇంటెల్ కోర్ల సంఖ్య అక్కరకొస్తుంది. అయితే 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని వోల్టేజీ సమస్యతో దెబ్బతిన్నాయి. 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరాలవి కొంటే బయాస్ అప్‌డేట్ తప్పనిసరి.

ఇంట్లోనే పరీక్ష

పాత పీసీలో ప్రాసెసర్ మార్చాలా, గ్రాఫిక్స్ కార్డా? ఆట సెట్టింగుల్లో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే ఉన్నట్టు. పెరగకపోతే చాలావరకు ప్రాసెసరే వెనకబడుతోందని అర్థం.

బోర్డూ, అక్షరమూ

ఇంటెల్ ఎల్‌జీఏ 1700 మదర్‌బోర్డులో 12 నుంచి 14 తరాల చిప్‌లే పడతాయి. కోర్ అల్ట్రా 200 సిరీస్‌కు కొత్త బోర్డు కావాలి. ఏఎండీ ఏఎం5 బోర్డులో 7000, 8000, 9000 సిరీస్‌లు మూడూ పనిచేస్తాయి. చిప్ మాత్రమే మార్చుకుంటూ పోదామనుకునేవారికి ఇది పెద్ద ఆదా. మోడల్ చివరి అక్షరమూ చూడాలి. 12400ఎఫ్, 7500ఎఫ్... కంపెనీ ఏదైనా ‘ఎఫ్’ ఉందంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద ఏమీ రాదు.

ఏది కొనాలి?

60 హెర్ట్జ్ మానిటర్ మీద కథా ప్రధానమైన ఆటలు ఆడేవారికి ఆరు కోర్ల రైజెన్ 5 లేదా కోర్ ఐ5 చాలు. మిగిలే డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి 240 హెర్ట్జ్ మీద పోటీకి ఆడేవారైతే ఎక్స్3డీకి పెట్టే ఖర్చు దండగ కాదు. ఆడే ఆటలు, మానిటర్, బడ్జెట్... ఈ మూడూ ముందే కాగితం మీద రాసుకుని, వాటికి తగిన చిప్‌నే అడగండి. ఏ కంపెనీదైనా సరే!