కల్లం కాపలాకు ఏ మంచం మేలు?

తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, నేలకు ఎత్తులో ఉండాలి

వడ్లు కుప్ప పోసిన నాటి నుంచి కాంటా అయ్యేదాకా రైతుకు ఇంట్లో నిద్ర ఉండదు. కొనుగోలు కేంద్రం దగ్గర వరుస రావాలి, తేమ తగ్గాలి, గోనె సంచులు రావాలి, లారీ రావాలి. ఈలోగా నాలుగైదు రాత్రులు, ఒక్కోసారి పది రాత్రులు కుప్ప పక్కనే గడుస్తాయి. మిరప రైతుదీ ఇదే పరిస్థితి. కాయ కల్లంలో ఆరినన్నాళ్లూ కావలి ఉండాల్సిందే. ఏన్కూరు, కారేపల్లి, సత్తుపల్లి వైపు అడవి అంచున మొక్కజొన్న వేసినవాళ్లకైతే కంకి పాలు పోసుకున్నది మొదలు అడవిపందుల భయం.

ఇన్ని రాత్రులు బయట పడుకునే రైతు తన పక్క గురించి ఏమైనా ఆలోచిస్తాడా అంటే, లేదు. ఉన్న ఒక్క టార్పాలిన్ వడ్ల మీద కప్పుతాడు. తానేమో రెండు ఖాళీ గోనె సంచులు పరుచుకుని, తువ్వాలు చుట్టి తల కింద పెట్టుకుని నేల మీదే ఒరుగుతాడు. మంచు తడి, నడుం నొప్పి, దోమకాట్లు ఎలాగూ తప్పవు. అసలు ముప్పు వాటితో కాదు. కట్లపాముతో.

నేల పక్క ఎందుకు వద్దు?

కట్లపాము పగలు కనిపించదు. చీకటి పడ్డాక తిరుగుతుంది. వడ్ల కుప్ప ఉన్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో పక్కకు దొర్లినప్పుడు కింద పడితే కాటు వేస్తుంది. దీని కోరలు చిన్నవి. నాగుపాము, రక్తపింజర కాటులాగా వాపు, మంట పెద్దగా ఉండవు. చాలామందికి కరిచిన సంగతే తెలియదు, గాటు వెతికినా దొరకదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. రాత్రి తిన్నది పడలేదనుకుని సోడా తాగి మళ్లీ పడుకుంటారు. ఆ తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి అందదు.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఆ మరణాల్లో సగం దాకా జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలోనివి. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వీటన్నిటికీ నేల పక్కే కారణం అనలేం. పొలం పనిలో పగటిపూట కాటుకు గురయ్యేవాళ్లూ చాలామంది. కానీ కట్లపాము కాటు మాత్రం ఎక్కువగా రాత్రి, నిద్రలో, నేల మీద పడుకున్నవారికే. నేపాల్ దక్షిణ ప్రాంతంలో చేసి 2007లో ప్రకటించిన పరిశోధనలో, దోమతెర కట్టుకుని పడుకున్నవారికి పాముకాటు ముప్పు బాగా తక్కువని తేలింది. ఎత్తయిన మంచం మీద, అంచులు పక్క కిందికి దోపిన దోమతెరలో పడుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇందుకే.

కాబట్టి కాపలాకు మంచం సుఖం కోసం మాత్రమే అనుకోవద్దు. మందు డబ్బాకు, టార్పాలిన్‌కు పెట్టినట్టే దీనికీ పెట్టుబడి పెట్టాలి.

నులక మంచం మంచిదే, కానీ...

నిద్రకు నులక మంచాన్ని మించింది లేదు. గాలి ఆడుతుంది, ఒళ్లు ఎటు తిప్పితే అటు ఒదుగుతుంది. చిక్కల్లా బరువుతోనే. కర్ర పట్టెలు, కోళ్లు ఉన్న మంచాన్ని ఇంటి నుంచి కల్లానికి చేర్చాలంటే ఇద్దరు కావాలి, లేదా బండి కావాలి. ట్రాక్టరు వడ్లతో వెళ్లేటప్పుడు పైన వేసుకుపోవచ్చు, మరి వచ్చేటప్పుడు? చెలకలోనే ఉంచేసేటట్లయితే, ఆరు నెలలూ ఒకచోటే కాపలా ఉండేటట్లయితే నులక మంచమే సరి. ఆ లెక్కన మంచె ఇంకా మేలు. వానకు తడిస్తే మాత్రం నులక సాగి ఉయ్యాల అవుతుంది. కాళ్ల వైపు బిగించే తాడు ఉంటుంది కదా, దాన్ని వారానికోసారి లాగి కట్టుకోవాలి. సందుల్లో నల్లులు చేరితే ఎండలో నిలబెట్టి వేడినీళ్లు పోయాలి.

ఈ రాత్రి కేంద్రం దగ్గర, వచ్చే నెల మార్కెట్ యార్డులో, ఆపైన చేనులో పడుకునే రైతుకు మడత మంచమే దారి.

పైపు మందం చూసి కొనండి

మడత మంచాలు బజార్లో రకరకాలు ఉన్నాయి. రంగు, పైన వేసిన పూల బట్ట చూసి మోసపోవద్దు. అసలు చూడాల్సింది పైపు మందం. దీన్ని గేజిలో చెబుతారు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచన అవుతుంది. 16 గేజి మందం, 18 కాస్త పలచన, 20 మరీ పలచన. షాపువాడు ‘ఇది ఇరవై గేజి, చాలా గట్టిది’ అంటే నమ్మి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

లెక్క చూడండి. ఆరుంపావు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, మూడు జతల కాళ్లు ఉన్న మంచానికి పైపు 34 అడుగుల దాకా పడుతుంది. ఒక అంగుళం గుండ్రటి ఇనుప పైపు 16 గేజిలో అయితే ఆ పొడవుకు తొమ్మిదిన్నర కిలోల పైనే తూగుతుంది. 18 గేజిలో ఏడున్నర కిలోలు. 20 గేజిలో ఐదున్నర. నవారు, బోల్టులు కలిపితే ఇంకో కిలోన్నర, రెండు కిలోలు. అంటే ఈ కొలతల మంచం మొత్తం ఏడు కిలోలే తూగిందంటే అందులో ఉన్నది పలచని పైపన్న మాట. షాపులో కాటా ఉంటే పెట్టించి చూడండి, నోటిమాట అవసరం లేదు. పైపు చివర ప్లాస్టిక్ టోపీ తీసి చూసినా మందం కంటికి ఆనుతుంది.

అన్నిటికన్నా తేలికైంది కొనడం తెలివి కాదు. అన్నిటికన్నా బరువైందీ అక్కర్లేదు. కాళ్లకు, నడిమి మడత దగ్గర 16 గేజి, చుట్టూ చట్రానికి 18 గేజి వేయిస్తే పది, పదకొండు కిలోల్లో వస్తుంది. ఒక మనిషి భుజాన వేసుకుని గట్ల మీద నడిచిపోవచ్చు. మడిస్తే మూడడుగుల చిల్లర పొడవే కాబట్టి టీవీఎస్ బండి వెనక కట్టుకోవచ్చు. మీ ఊళ్లో నమ్మకమైన వెల్డింగ్ షాపు ఉంటే చేయించుకోవడమే నయం. పైపు ఇరవై అడుగుల పొడవులో వస్తుంది కాబట్టి రెండు పైపులు సరిపోతాయి. చేయించుకునేటప్పుడు నాలుగు మూలలా జానెడు పొడవు గొట్టం ముక్కలు నిలువుగా అతికించమనండి. దోమతెర కర్రలు వాటిలో గుచ్చుకోవచ్చు. బజారు మంచాల్లో ఈ ఏర్పాటు తరచుగా ఉండదు.

నడుమే కీలకం

మడత మంచం విరిగితే ఎక్కువగా నడిమి మడత దగ్గరే విరుగుతుంది. అక్కడ కాళ్ల జత ఉండి తీరాలి. రెండు చివర్లలోనే కాళ్లు ఉన్న మంచం వద్దు. మడత దగ్గర రివెట్లు కొట్టిన దానికన్నా బోల్టు, వాషరు వేసింది మేలు. వదులైతే మీరే బిగించుకోవచ్చు.

కొనేముందు మొహమాటం లేకుండా షాపులోనే పరిచి పడుకోండి. వెల్లకిలా ఒకసారి, పక్కకు తిరిగి ఒకసారి. నడిమి అడ్డపైపు తుంటికో నడుముకో తగులుతోందా చూసుకోండి. ఇప్పుడు కాస్త తగిలిందంటే తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. నవారు సాగి అడ్డపైపు మీద ఒళ్లు ఆనేలా ఉంటే అది కొత్తదైనా పాతదే. తర్వాత ఒక పక్క అంచున కూర్చోండి. మంచం రెండో పక్క లేస్తే కాళ్లు బాగా లోపలికి ఉన్నట్టు. అర్ధరాత్రి పంది అలికిడికి దిగ్గున లేచినప్పుడు బోల్తా పడతారు.

నూలు నవారు ఒంటికి హాయి, తడిస్తే ఆరదు, నాలుగేళ్లకు చివికిపోతుంది. ప్లాస్టిక్ నవారు తడికి ఓర్చుకుంటుంది, ఎండకు మాత్రం పెళుసు బారుతుంది. మంచులో పడుకునే పనికి ప్లాస్టిక్ నవారు వేయించి, పైన పాత చీరల బొంత పరుచుకోవడం కుదిరిన పద్ధతి. బొంత వద్దనుకోవద్దు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మంచం కింద నుంచి గాలి కొడుతుంది. పైన ఎన్ని కప్పుకున్నా వీపు చల్లబడుతుంది. దోమలూ కింది నుంచే కుడతాయి.

ఈ మధ్య పట్నాల్లో యాత్రలకు, గుడారాలకు వెళ్లేవారి కోసం అల్యూమినియం మంచాలు అమ్ముతున్నారు. విడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే. కొన్ని మంచాలు రెండు మూడు కిలోలే తూగుతాయి. చూడ ముచ్చటగానే ఉంటాయి. కాని బాగా తేలికైన వాటిలో చాలామటుకు నేలకు అర అడుగు ఎత్తు కూడా ఉండవు. గుడారం లోపల వేసుకునేవారికి అది చాలు, మన కల్లానికి చాలదు. పైగా గుడ్డ చిరిగినా, కాలు వంగినా ఇక్కడ అతికేవాడు దొరకడు. అడుగున్నర ఎత్తు, నడిమి కాళ్లు, మీ బరువుకు సరిపడా మోసే శక్తి రాసి ఉన్నది దొరికితే, స్తోమత ఉంటే తీసుకోవచ్చు. నా మాట అడిగితే సన్నకారు రైతుకు ఇనుప మంచమే సరైంది.

దోమతెర లేకపోతే సగం పనే

మంచం ఒక్కటే చాలదు. దుప్పటి అంచు కిందికి వేలాడుతుంటే పాముకు అది నిచ్చెన. దోమతెర నేల దాకా వేలాడినా అంతే. తెర అంచు నాలుగు వైపులా బొంత కిందికి జానెడుకు తగ్గకుండా దోపాలి. తెర కొనేటప్పుడే మంచం కొలతకన్నా అన్ని వైపులా అడుగు ఎక్కువ ఉండేలా చూసుకోండి. పడుకోబోయే ముందు బ్యాటరీ లైటుతో లోపల ఒకసారి చూసి, ఆ లైటు తెర లోపలే తలగడ పక్కన ఉంచుకోండి. రాత్రి దిగేటప్పుడు ముందు లైటు, తర్వాత కాలు. చెప్పులు దులిపి తొడుక్కోవాలి, తేళ్లు దూరి ఉంటాయి.

మంచం వేసే చోటు కూడా చూడాలి. వడ్ల కుప్పకు ఆనించి వేయొద్దు, నాలుగు గజాలు ఎడంగా వేసినా కావలికి ఏమీ కాదు. గడ్డివాము పక్కన, ఎలుక బొరియలున్న గట్టు మీద, కొమ్మలు వాలిన చెట్టు కింద వద్దు. నల్లరేగడిలో తడి ఉంటే పైపు కాళ్లు దిగబడతాయి, తెల్లారేసరికి మంచం ఎత్తు జానెడే మిగులుతుంది. ప్రతి కాలి కింద చెక్కముక్కో, పెంకుముక్కో పెట్టండి. చీమల బాధ ఉంటే పాత డబ్బా మూతల్లో నీళ్లు పోసి కాళ్లు అందులో ఉంచొచ్చు. దోమతెర తాడు మోటారు స్తంభానికి, స్టార్టరు డబ్బాకు కట్టడం కొందరికి అలవాటు. ఇనుప మంచం మీద పడుకుని ఆ పని అసలు చేయొద్దు. ఉరుములు, మెరుపులు మొదలైతే వడ్ల మీద పట్టా కప్పి, మీరు పక్కా కట్టడంలోకి వెళ్లిపోండి. చెట్టు కిందికి కాదు.

ఇంత చేసినా పక్కవాడికో మీకో తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు బరువెక్కడం కనిపిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. పసరు, మంత్రం, గాటు పెట్టి రక్తం తీయడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ వద్దు. మనిషిని నడిపించకుండా, కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. రావడం ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండిలో విరుగుడు మందు ఉన్న సర్కారు దవాఖానకు చేర్చండి. కట్లపాము విషానికి విరుగుడుతో పాటు ఊపిరి ఆడించే యంత్రం కూడా అవసరం పడొచ్చు, కాబట్టి పెద్దాసుపత్రి అయితే మంచిది. అందుకే కాపలాకు వెళ్లేవాళ్ల ఫోనులో ఛార్జింగ్ ఉండాలి, ఒంటరిగా వెళ్లకుండా పక్క కుప్ప రైతుతో మంచాలు దగ్గరదగ్గరగా వేసుకోవాలి.

సీజన్ అయ్యాక మంచాన్ని గడ్డివాములో దోపి మరిచిపోకండి. మట్టి కడిగి, ఎండబెట్టి, మడత బోల్టులకు రెండు చుక్కల ఆయిలు వేయండి. రంగు లేచినచోట తుప్పు గీకి మళ్లీ పూయండి. నవారు ఎలుక కొరక్కుండా గోడకు మేకు కొట్టి తగిలించండి. వానాకాలం నారుమడి దగ్గర నీళ్ల కావలికి మళ్లీ అదే కావాలి.