యుద్ధం ఎందుకు ఆగుతలేదంటే.. మన బోర్లనడుగుండ్రి!

రష్యా, ఉక్రెయిన్ కొట్టుకుంటే మనకేందని మా నకిరేకల్ల పొరగాళ్లు అంటుంటరు. తాకింది తమ్మీ, మనకూ తాకింది. హెల్పర్ కొలువని ఏజెంట్ల మాట నమ్మి పోయిన నారాయణపేట పిలగాన్ని రష్యా ఫౌజుల నిలవెట్టిండ్రు. 2024 సెప్టెంబర్ల పాణాలతోటి ఇల్లు జేరిండు. హైదరాబాద్ పిలగాడొకడు ఆ ఏడే ఆడ పాణమిడిసిండు.

2022 ఫిబ్రవరి 24న పుతిన్ ఏం చెప్పిండు? డాన్‌బాస్ జనాన్ని కాపాడాలె, నాటో మా గడపకు రావొద్దు అన్నడు. ఏడు నెలలకు నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలు మావే అన్నడు. 2023 ఏప్రిల్ల పక్కనున్న ఫిన్లాండే నాటోల చేరింది. చెప్పిన కారణం తలకిందులైంది, యుద్ధం మాత్రం ఆగలే.

ఎందుకంటే ఇది మన బోరు కథే. మూడొందల ఫీట్లు ఏసినా నీళ్లు వడవు. 'ఇంత పెట్టి ఇప్పుడెట్ల ఆపుతం, ఇంకో వంద ఎయ్‌' అంటం. పోయిన పైసలే కొత్త అప్పుకు సాకైతయి. యుద్ధంల పైసల జాగల పాణాలుంటయి. 'సచ్చినోళ్ల త్యాగం ఊకె పోవద్దు' అనుకుంట ఇంకిన్ని పాణాలడుగుతరు. ఇంటి మీదికొచ్చినోన్ని ఆపేటందుకు ఉక్రెయినోళ్లు కొట్లాడుడు వేరే ముచ్చట. పక్కోని ఇంట్ల జొచ్చినోడు ఎల్లిపోతే ఆగేదే కదా!

ఆ బోరుల పొయ్యనీకె మనుషులు కావాలె. అందుకే ఏజెంట్లు మన దాంక వస్తున్నరు. రష్యాల కొలువంటే ముందుగాల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల ఆ ఏజెంట్‌కు లైసెన్సుందో లేదో చూడుండ్రి. చదవరాని భాషల కాయితం పెడితే సంతకం చెయ్యకుండ్రి.